అమెరికా మెడికల్ స్కూల్ దరఖాస్తు: మార్కుల తరువాత కమిటీ చూసేది ఏమిటి?

వ్యాఖ్యాత: ప్రేక్షకులందరికీ నమస్కారం. నీట్ ర్యాంకు ఒక్కటే సీటును తేల్చే పద్ధతికి అలవాటుపడి అమెరికాలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు ఇక్కడి మెడికల్ స్కూల్ ప్రవేశాల తీరు ఒక పట్టాన అంతుపట్టదు. ప్రవేశాల కమిటీలో పనిచేసిన వైద్యురాలు, మెడికల్ స్కూల్‌కు సిద్ధమయ్యే ప్రీమెడ్ విద్యార్థుల సలహాదారుగా ఉన్న ఆచార్యులు ఈనాటి చర్చలో పాల్గొంటున్నారు. డాక్టర్ గారూ, ఇక్కడి ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో ఎంత వస్తే చాలంటారు?

వైద్యురాలు: ఎంక్యాట్ స్కోరు 472 నుంచి 528 వరకు ఉంటుంది. ఎండీ (ఇక్కడ ఇది మన ఎంబీబీఎస్‌లాంటి తొలి వైద్య డిగ్రీ) కళాశాలల్లో చేరుతున్నవారి సగటు ఇటీవలి సంవత్సరాల్లో 511, 512 దగ్గర నిలుస్తోంది, నాలుగుకు లెక్కించే కాలేజీ మార్కుల కొలత జీపీఏ సగటు 3.7 దాటింది. ఆ స్థాయి మార్కులు అవసరమే, కాదనను. అయితే కమిటీ బల్ల మీదికి వచ్చే దరఖాస్తుల్లో చాలావాటికి ఆ మార్కులు ఉంటాయి కనుక, ఈ విద్యార్థి రోగుల మధ్య నిజంగా గడిపాడా, గడిపితే ఏమి గమనించాడు అన్నదే మేము అక్కడి నుంచి వెతుకుతాము.

వ్యాఖ్యాత: ఆచార్యా, దాన్ని దరఖాస్తులో చూపడం ఎలా?

సలహాదారు: చాలా ఎండీ కళాశాలలకు ఉమ్మడిగా పంపే ఆమ్‌కాస్ దరఖాస్తులో 15 అనుభవాల వరకు రాయవచ్చు. ఒక్కొక్కదానికి 700 క్యారెక్టర్లే ఇస్తారు, అందులో ముఖ్యమైనవిగా ఎంచుకున్న మూడింటికి మరో 1,325 లభిస్తాయి. మన పిల్లలు 15 గడులూ నింపి తీరాలని రెండేసి వారాల పనులన్నీ పోగుచేస్తారు. ఏళ్ల తరబడి నిలకడగా చేసిన నాలుగైదు పనులకు ఉండే బరువు వాటికి రాదు. ఒక ఉదాహరణ చెబుతాను. గుడిలో జరిగే ఉచిత వైద్య శిబిరంలో బీపీ చూసే విద్యార్థిని "ఎందరికో సేవ చేశాను, ఎంతో తృప్తి కలిగింది" అని రాసింది. మరి కాస్త గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ, గుంటూరు నుంచి తెచ్చుకున్న బీపీ మాత్రలు తిరుగు ప్రయాణం దాకా సరిపోవాలని, రోజూ సగం మాత్రే వేసుకుంటోంది. ఇన్సూరెన్స్ లేదు, కొడుకుకు చెప్పడానికి మొహమాటం. ఈ అమ్మాయి ఆ విషయం శిబిరంలోని డాక్టరుకు చెప్పింది. రాయవలసింది అదీ.

వైద్యురాలు: ఆ నాలుగు వాక్యాలు నేను ఆగి చదువుతాను. 5,300 క్యారెక్టర్లకు మించని పర్సనల్ స్టేట్‌మెంటుకూ ఇదే వర్తిస్తుంది. పెద్దలు దిద్దిదిద్ది నున్నగా చేసిన వ్యాసంలో పిల్లల గొంతు వినిపించదు, ఇంటర్వ్యూలో ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

వ్యాఖ్యాత: వేసవిలో ఆంధ్రకో తెలంగాణకో వెళ్లి, బంధువుల నర్సింగ్ హోమ్‌లో అనుభవం సంపాదించే పిల్లలు కూడా ఉన్నారు కదా?

వైద్యురాలు: ఈ మాట గట్టిగా చెప్పాలి. పక్కన నిలబడి చూడటం వరకు మంచిదే. కానీ మేనమామ గారు చేయనిచ్చారని కుట్లు వేయడం, సూదిమందు ఇవ్వడం ఘనకార్యంగా రాసుకుంటే, శిక్షణ లేకుండా రోగి మీద చేయి వేసిన మనిషిగా కమిటీ చూస్తుంది. విదేశాల్లో విద్యార్థులు తమ శిక్షణను మించిన పనులు చేయరాదని అమెరికా వైద్య కళాశాలల సంఘం మార్గదర్శకాలే చెబుతున్నాయి. సీటు సంగతి అటుంచి, ఆ రోగి కూడా మన మనిషే కదా.

వ్యాఖ్యాత: ఇక గడువుల సంగతి?

సలహాదారు: చాలా కళాశాలలు దరఖాస్తులను వచ్చినవి వచ్చినట్టే పరిశీలిస్తూ ఇంటర్వ్యూలకు పిలుస్తాయి. అందువల్ల చివరి తేదీని నమ్ముకోకుండా జూన్‌లోనే సమర్పించాలి. మార్కుల జాబితాల తనిఖీకి వారాలు పడుతుంది, ఎంక్యాట్ ఫలితానికి సుమారు నెల పడుతుంది. సిఫారసు లేఖలు రాసే ప్రొఫెసర్లను చలికాలంలోనే అడగాలి. టెక్సాస్‌లో ఉన్నవారు అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాలల కోసం ఉన్న టీఎండీశాస్ అనే వేరే ఉమ్మడి దరఖాస్తును మరువరాదు, ఆ సీట్లలో కనీసం 90 శాతం ఆ రాష్ట్ర నివాసులకే చెందుతాయి.

వ్యాఖ్యాత: సన్నద్ధత చాలకపోయినా, ఏడాది వృథా కాకూడదని ఈసారే వేయమనే తల్లిదండ్రులకు ఏం చెబుతారు?

వైద్యురాలు: ఆగమనే చెబుతాను. ఇక్కడ వైద్యవిద్యలో చేరేవారిలో సగానికి పైగా డిగ్రీ తరువాత కనీసం ఒక సంవత్సరం విరామం తీసుకున్నవారే. ఎంక్యాట్‌ను ఏడాదిలో మూడుసార్లు, జీవితకాలంలో ఏడుసార్లు మాత్రమే రాయనిస్తారు, పాత స్కోర్లు కూడా కళాశాలలకు కనిపిస్తాయి. తొందరపడి రాసిన పరీక్ష వెంటే వస్తుంది. ఆ ఏడాది ఏదైనా క్లినిక్‌లో డాక్టరు పక్కన ఉండి రోగి వివరాలు నమోదుచేసే స్క్రైబ్‌గానో మెడికల్ అసిస్టెంట్‌గానో పనిచేసి, మరుసటి మే నెలలో దరఖాస్తు తెరిచేసరికి రాయడానికి సొంత అనుభవంతో కూర్చోమని చెబుతాను.