మా అత్తయ్య రామకోటి, ఎడిసన్‌లో ఒక పొద్దున్న

హాయ్ అండీ అందరికీ! టైమ్ పొద్దున్న ఆరున్నర. బయట రాత్రంతా మంచు పడింది, మా కారు ఎక్కడుందో మాకే తెలియట్లేదు. ఇదిగో, డైనింగ్ టేబుల్ దగ్గర శాలువా కప్పుకుని కూర్చున్నది మా అత్తయ్య. రామకోటి రాస్తున్నారు, పలకరించినా పలకరు. రాసేటప్పుడు నోట్లో రామనామం తప్ప ఇంకో మాట ఉండకూడదట.

ఇక్కడికి, అమెరికాకి వచ్చిన కొత్తలో ఆవిడకి ఒకటే బెంగ. తులసికోట లేదు, నడిచెళ్ళేంత దూరంలో గుడి లేదు. ఒకరోజు సాంబ్రాణి వేస్తే స్మోక్ అలారం గోల పెట్టింది. పాపం, హడలిపోయి ఆ సాయంత్రం దీపం కూడా పెట్టలేదు. మర్నాడు సూట్‌కేసులోంచి ఈ గళ్ళ పుస్తకాలు తీసి, "దీనికి పొగ రాదు కదే అమ్మాయ్" అన్నారు. నవ్వొచ్చింది గానీ, నిజమే కదండీ! మడి, నైవేద్యం, ముహూర్తం ఏదీ అడగదు నామం. గీత పదో అధ్యాయంలో కృష్ణుడు "యజ్ఞాల్లో నేను జపయజ్ఞాన్ని" అంటాడు. విష్ణు సహస్రనామం చివర పార్వతీదేవి కూడా తేలికైన ఉపాయమే అడుగుతుంది, శివుడు ఒక్క శ్లోకంలో రామనామం చెప్తాడు. ఆఫీసు రోజుల్లో నాకు ఆ ఒక్క శ్లోకమే దిక్కు. వెయ్యి నామాలూ శనివారానికి వాయిదా, అదీ కార్లో వింటూ. మీలో ఎంతమంది నా బ్యాచ్?

అసలు కోటి అంటే ఎంత అని మొన్న ఫోన్లో లెక్కేశా. రోజుకి 108 రాస్తే 253 ఏళ్ళు దాటుతుంది! వెయ్యి రాసినా 27 ఏళ్ళ పైమాటే. ఆవిడకి 68. చెప్పాలా వద్దా అని నసిగి నసిగి చెప్పేశాను. కళ్ళజోడు సర్దుకుని, "మా అమ్మ రాసినవి ఆరు పుస్తకాలు భద్రాచలంలో ఇచ్చొచ్చాం. అవి కలిపావా?" అన్నారు. నేనింక ఫోన్ పక్కన పెట్టేశా.

మరీ సమాధిలోకి వెళ్ళిపోతారనుకోకండి. స్టవ్ మీద పప్పు పెట్టింది ఆవిడే. అదిగో, కుక్కర్ కూత వేసింది. చూశారా? కుడిచెయ్యి రాస్తూనే ఉంది, ఎడంచెయ్యి నాకు మూడు వేళ్ళు చూపిస్తోంది. మూడో విజిల్ అన్నమాట. ఉండండి, స్టవ్ ఆపేసి వస్తా.