మానసిక ఔషధ వర్గాలు: కౌన్సెలర్లు పొరబడే చోట్లు

నమస్కారం. వ్యసన విముక్తి, మానసిక ఆరోగ్య రంగాల కౌన్సెలర్ల కోసం ఈ రివ్యూలో ప్రధాన ఔషధ వర్గాలను పరిశీలిద్దాం. మందు రాయడం, డోసు మార్చడం మన పని కాదు. అయితే డాక్టరు కంటే ఎక్కువసేపు క్లయింటు ఎదుట కూర్చునేది మనమే కనుక, మందు వల్ల వచ్చిన మార్పును జబ్బుగానో వ్యసనంగానో పొరబడే ప్రమాదమూ మనకే ఎక్కువ.

మెదడులోని సెరటోనిన్ అనే రసాయనంపై పనిచేసే ఎస్.ఎస్.ఆర్.ఐ.లకు డిప్రెషన్ మందులన్న పేరు పడినా, వాటిని ఆందోళనకూ, ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే వెంటాడే ఓ.సి.డి.కీ కూడా ఇస్తారు. వికారం వంటి ఇబ్బందులు మొదటి వారంలోనే వస్తాయి, మేలు కనిపించడానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. పదో రోజున విసిగి మానేసేవారిని తప్పుపట్టలేం, ముందే చెప్పి ఉండాల్సింది. 25 ఏళ్ల లోపువారిలో తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి, ఆ సంగతి సూటిగా అడగాలి.

భ్రమలు, భ్రాంతులు తగ్గించడానికి ఇచ్చే యాంటీసైకోటిక్స్ దగ్గర కాస్త ఆగుదాం. వాటిని వాడే క్లయింటు కుర్చీలో నిలకడగా ఉండలేక, కాళ్లు అటూ ఇటూ కదుపుతూ, లేచి నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చుని, "లోపలినుంచి ఏదో తరుముతోంది" అంటే, మత్తు కోసం తహతహ అని నోట్సులో రాసేయాలనిపిస్తుంది. అది అకథీసియా, అంటే మందు వల్ల కుదురుగా ఉండలేని స్థితి కావచ్చు. డోసు ఎప్పుడు పెరిగిందో అడిగి, వెంటనే డాక్టరుకు తెలియజేయాలి. శ్వాస వ్యాయామాలతో అది తగ్గదు.

ఉద్రేకం, దిగులు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుకు 1949లో ఆస్ట్రేలియా మానసిక వైద్యుడు జాన్ కేడ్ వెలుగులోకి తెచ్చిన లిథియం ఇంకా చిక్కైనది. రక్తంలో సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉండాల్సిన దాని స్థాయి, వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు వాడినా పెరుగుతుంది. అప్పుడు మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది, చేతులు వణుకుతాయి. చూసినవారు తాగి వచ్చాడనుకుంటారు.

ఆందోళనకూ, నిద్రలేమికీ ఇచ్చే బెంజోడయాజెపైన్ల గురించి రెండే మాటలు: దీర్ఘకాలం వాడినవారు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మద్యంతోనో, హెరాయిన్, మార్ఫిన్ వంటి ఓపియాయిడ్లతోనో కలిస్తే శ్వాస మందగించి ప్రాణం పోవచ్చు.

ఇక వ్యసన చికిత్స మందులు. ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే బుప్రెనార్ఫిన్‌ను "ఒక మత్తుకు బదులు ఇంకో మత్తు" అనడం నాకు సమ్మతం కాదు. అది మెదడులో ఓపియాయిడ్లు పనిచేసే చోట్లైన గ్రాహకాలను పాక్షికంగానే ప్రేరేపిస్తుంది, ఒక స్థాయి దాటాక డోసు పెంచినా ప్రభావం అంతగా పెరగదు. నాల్ట్రెక్సోన్ ఆ గ్రాహకాలను పూర్తిగా అడ్డుకుంటుంది కనుక, ఓపియాయిడ్లు మాని కనీసం 7 నుంచి 10 రోజులు గడిచాకే మొదలుపెడతారు. నాల్ట్రెక్సోన్ మానేసిన క్లయింటుకు ఒక విషయం విడమరిచి చెప్పాలి: శరీరానికి ఓపియాయిడ్లను తట్టుకునే పాత శక్తి పోయి ఉంటుంది, ఒకప్పుడు అలవాటైన మోతాదే ఇప్పుడు ప్రాణాంతకం కావచ్చు.