అడగాల్సిన మాట

శ్రోతలకు నమస్కారం. అనంతపురంలో ఎం.ఎస్.డబ్ల్యూ., అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చదివే పిల్లలకు నేను పాఠాలు చెబుతాను. ఏటా మొదటి వారంలో తలా ఒక చీటీ ఇస్తాను. ఆత్మహత్య అనగానే మనసులోకి వచ్చే మాట రాయండి, పేరు రాయొద్దు అంటాను. పాపం. పిరికితనం. పోలీసు కేసు. రేపు పదిమంది కష్టాలు వినాల్సిన పిల్లలు రాసే మాటలివి. నేను వాళ్లను తప్పుపట్టను, ఇంట్లో విన్నదే రాస్తారు. మనం మాట్లాడే తీరే చూడండి. దొంగతనానికి పాల్పడ్డాడు, మోసానికి పాల్పడ్డాడు, ఆత్మహత్యకు పాల్పడ్డాడు. మూడింటికీ అదే మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాత్రం, అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, వైద్యం, ఆసరా అందించాలనీ చెప్పింది.

ఒక అమ్మాయి ఫీల్డ్ వర్క్‌కు కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెకు వెళ్లేది. ఒకింట్లో ఒకావిడ విత్తనానికి శనక్కాయలు ఒలుస్తూ, "నేనుండి ఏం లాభంలే పాపా" అంది. ఈ పిల్లకు టెన్షన్ వచ్చేసింది. "అట్లా అనకూడదక్కా, ధైర్యంగా ఉండాల" అని మాట మార్చింది. ఆవిడ ఇంక నోరు విప్పలేదు.

తిరిగొచ్చి నా దగ్గర ఏడ్చింది. "పిరికితనం అని రాసింది నేనే మేడమ్. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తానేమోనని భయపడ్డాను" అంది. చాలామందికి ఉండే భయమే ఇది. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. మళ్లీ చెబుతున్నాను, అడిగినందువల్ల పుట్టదు. లోపల ఉన్నది బయటికి రావడానికి దారి దొరుకుతుంది.

మర్నాడే మళ్లీ వెళ్లింది. పక్కన కూర్చుని తనూ గుప్పెడు కాయలు తీసుకుంది. కాసేపటికి, "అక్కా, నిన్న ఆ మాటన్నావు. చచ్చిపోవాలని అనిపిస్తాందా?" అని అడిగింది. కాయలు ఒలిచే చేతులు ఆగిపోయాయి. "రెండు నెలలాయ పాపా" అంది ఆవిడ. తర్వాత అప్పుల మాట, మొగుడి మాట, నిద్ర పట్టని రాత్రుల మాట, అన్నీ చెప్పింది. ఈ పిల్ల సలహా ఇవ్వలేదు, వింది. పక్కూరి నుంచి ఆవిడ చెల్లెలు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. మరుసటి రోజు ముగ్గురూ కలిసి పెద్దాసుపత్రికి వెళ్లారు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరైనా అలాంటి మాట అంటే, మీరూ నేరుగా అడగండి. ఒంటరిగా వదలకండి. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ సహాయ లైను టెలి మానస్. దాని నంబరు రాసుకోండి: 1 4 4 1 6. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంకోసారి, 1 4 4 1 6.

ఆ అక్క ఇంట్లో గోడ క్యాలెండర్ మీద, పాల లెక్కల పక్కన, ఆ పిల్ల ఇదే నంబరు పెద్ద అంకెలతో రాసిపెట్టి వచ్చింది.