దహాకా వెంటపడినప్పుడు: ‘వారియర్ విథిన్’ మీద అభిమానులకు కోపం ఎందుకు వచ్చింది?

[తెర నల్లగా ఉంటుంది. రాతి నేల మీద పరుగెత్తే అడుగుల చప్పుడు, దాని వెనుక బరువైనదేదో దూసుకొస్తున్న చప్పుడు. ఐదు సెకన్ల తర్వాత బొమ్మ కనిపిస్తుంది: రాకుమారుడు గోడ మీద పరుగు తీస్తున్నాడు.]

నమస్కారం. ఈ చప్పుడు నేను మొదటిసారి విన్నది 2005 వేసవిలో, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్‌లో. ఇంటర్ పరీక్షలు అయిపోయిన రోజులు. ఆ సెంటర్‌లో పది కంప్యూటర్లు ఉండేవి. ఈ ఆట నడిచేది మాత్రం మూలనున్న ఒక్క దానిలోనే, ఎందుకంటే మిగతా తొమ్మిదింటిలో దీనికి సరిపోయే గ్రాఫిక్స్ కార్డు లేదు. గంటకు పదిహేను రూపాయలు. ఒకరు ఆడుతుంటే ఐదారుగురం కుర్చీ వెనుక నిలబడి చూసేవాళ్లం. కాలాన్ని వెనక్కి తిప్పే కీ మీద అక్షరం అరిగిపోయి, నున్నగా మెరుస్తూ ఉండేది.

ఆ ఆట పేరు ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: వారియర్ విథిన్’, ఒక కథా వరుసలో రెండో భాగం. మేము కళ్లార్పకుండా చూస్తున్న అదే సమయంలో, ప్రపంచంలో ఇంకోచోట దీని మీద అభిమానులు మండిపడుతున్నారని మాకు తెలియదు. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తెలిసినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. ఆ తర్వాత మొదటి భాగం ఆడాను. అప్పుడు వాళ్ల కోపం అర్థమైంది. అయినా వాళ్లతో పూర్తిగా ఏకీభవించలేకపోయాను. ఆ తేడా ఎక్కడుందో చెప్పడానికే ఈ వీడియో.

[తెరపై: 1989 నాటి ఆట. చిన్న తెల్లని బొమ్మ మేకుల గుంటను దూకుతుంది.]

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. ఈ రాకుమారుడిని పుట్టించినవాడు జోర్డాన్ మెక్నర్. 1989లో యాపిల్ టూ కంప్యూటర్ కోసం ఒక్కడే కూర్చుని తయారుచేశాడు. తన తమ్ముడి చేత పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కొక్కటిగా బొమ్మలుగా గీశాడు. అందుకే ఆ చిన్న బొమ్మ కూడా మనిషిలాగే తూలుతుంది, మనిషిలాగే అంచు పట్టుకుని వేలాడుతుంది.

2003 చివర్లో యూబీసాఫ్ట్ సంస్థ మాంట్రియల్ స్టూడియో ‘ది సాండ్స్ ఆఫ్ టైమ్’ తెచ్చింది. ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్, గేమ్‌క్యూబ్, కంప్యూటర్, అన్నింటి మీదా వచ్చింది. మెక్నర్ కూడా ఆ బృందంలో ఉన్నాడు. గోడ మీద పరుగు, చేతిలో బాకు, అందులో ఇసుక. పడి చనిపోతే ఆ ఇసుకతో కాలాన్ని వెనక్కి తిప్పుకోవచ్చు. కథ మొత్తం రాకుమారుడే మనకు చెబుతుంటాడు. మీరు ఆటలో చనిపోతే, ‘కాదు కాదు, అలా జరగలేదు’ అని తనను తాను సరిదిద్దుకుంటాడు. రాత్రి భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని కథ చెప్పే తాతయ్య, మధ్యలో పొరపాటు దొర్లితే నాలుక కరుచుకుని మళ్లీ మొదలుపెట్టినట్టు ఉంటుంది. ఓడిపోవడాన్ని కూడా కథలో కలిపేసుకున్న ఆట అది. విమర్శకులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. అందులో ఎక్కువగా తప్పు పట్టింది కత్తియుద్ధాన్ని: ఎప్పుడూ ఒకటే తీరు, శత్రువు తల మీదుగా దూకడం, వెనుక నుంచి కొట్టడం.

[తెరపై: ‘వారియర్ విథిన్’ ఆరంభం. తుపాను, ఓడ, వాన. మాసిన గడ్డంతో రాకుమారుడు.]

సుమారు ఏడాదికి, 2004 చివర్లో, అవే నాలుగు వేదికల మీద రెండో భాగం వచ్చింది. కథలో ఏడేళ్లు గడిచాయి. నవ్వుతూ మాట్లాడిన కుర్రవాడు లేడు. పళ్లు కొరుకుతూ, అరుస్తూ, తలలు నరికే మనిషి వచ్చాడు. గొంతు కూడా వేరు. మొదటి భాగంలో యూరీ లోవెంతాల్ మాట్లాడితే, ఇందులో రాబిన్ అట్కిన్ డౌన్స్ మాట్లాడాడు. సంగీతంలో తూర్పు దేశాల వాసన తగ్గి, గాడ్‌స్మాక్ అనే మెటల్ బృందం గిటార్లు వచ్చి చేరాయి. మొదటి భాగం కౌమారంలో ఉన్నవాళ్లంతా ఆడవచ్చని అమెరికా రేటింగ్ సంస్థ చెబితే, దీనికి పదిహేడేళ్లు నిండాలని చెప్పింది. ఆడ శత్రువు దుస్తులు, ఆమె మీద కెమెరా నిలిచే తీరు సిగ్గుపడేలా ఉన్నాయి. ఇది నేను కూడా ఒప్పుకుంటాను. ఇంట్లో అక్కచెల్లెళ్ల ముందు ఆ ఆట ఆరంభం పెట్టడానికి ఇప్పటికీ నాకు మనసు రాదు. అది కథకు ఏ విధంగానూ అక్కరకు రాని పని.

మెక్నర్ ఈ రెండో భాగంలో పనిచేయలేదు. దీని చిత్రణా తీరు, హింస తనకు నచ్చలేదని తర్వాత బహిరంగంగానే చెప్పాడు. కన్నతండ్రే ఆ మాట అన్నాక అభిమానుల కోపానికి బలం వచ్చింది. ‘మా రాకుమారుడిని ఏం చేశారు?’ అన్నదే అందరి ప్రశ్న.

[తెరపై: వ్యాఖ్యాత. వెనుక బల్ల మీద పాత కీబోర్డు.]

ఇక నల్లగొండకు వద్దాం.

మాకు ఆ ప్రశ్న రాలేదు. రాకపోవడానికి కారణం మా అభిరుచి గొప్పదై కాదు. మేము మొదటి భాగం చూడనే లేదు. హైదరాబాద్ నుంచి ఎవరో తెచ్చిన సీడీల్లో ముందు మా చేతికి దొరికింది రెండో భాగమే. మాకు ఆ రాకుమారుడు మొదటి నుంచీ అలాంటివాడే. పోగొట్టుకున్నామని ఏడవడానికి అంతకు ముందు మా దగ్గర ఏమీ లేదు.

ఇంకో కారణం ఉంది, అదే నాకు ముఖ్యమైనది. మాలో చాలామందిమి తెలుగు మీడియం. తెర మీద ఆ మనిషి వేగంగా మాట్లాడే ఇంగ్లీషులో నాలుగో వంతు కూడా మాకు అందేది కాదు. మొదటి భాగం అందం చాలావరకు మాటల్లో ఉంది: ఆ కథ చెప్పే తీరు, రాకుమారి ఫరాతో చిలిపి తగవులు, తనలో తాను గొణుక్కోవడం. అది ముందు దొరికినా మాకు సగమే దక్కేది. రెండో భాగంలో మాటలు తీసేసినా మిగిలేది చాలా ఉంది. అభిమానులు గొడవపడింది గొంతు గురించి, కోపం గురించి, పాట గురించి. అవేవీ మా దాకా రాలేదు. మా దాకా వచ్చింది పరుగు ఒక్కటే.

[తెరపై: దహాకా మొదటి వేట. మాటలు ఆగి, పది సెకన్లు ఆట చప్పుడు మాత్రమే.]

చూశారా? రంగులన్నీ ఒక్కసారిగా వెలిసిపోయాయి. వెనుక కొమ్ములున్న ఒక నల్లటి ఆకారం. దాని ఒంటి నుంచి తాళ్లలా చీకటి చేతులు సాగి వస్తున్నాయి. దాని పేరు దహాకా. కాలాన్ని కాపాడే కావలివాడు. మొదటి భాగంలో రాకుమారుడు కాలపు ఇసుకను విడుదల చేశాడు. లెక్క ప్రకారం అతను చావాలి, చావలేదు. ఆ లెక్క సరిచేయడానికి దహాకా ఏడేళ్లుగా వెంటాడుతున్నాడు. మన ఊళ్లలో యముడి పాశం అంటామే, అదే ఆ తాళ్లు. ఈ పోలిక మాలో ఎవరో ఒకరు మొదటి రోజే అన్నారు. ఆ తర్వాత మా సెంటర్‌లో దాన్ని దహాకా అన్నవాళ్లు లేరు. ‘యముడు వస్తున్నాడు’ అనేవాళ్లం. ఇంగ్లీషు అర్థం కాని పిల్లలు కథ మూలాన్ని అంత సూటిగా పట్టుకున్నారంటే, ఆ వేటను తీర్చిదిద్దినవాళ్ల పనితనం ఎంతటిదో చూడండి.

ఇక్కడ కత్తి పనికిరాదు. దహాకాను కొట్టలేరు. ఆటలో అప్పటిదాకా మీరు నేర్చుకున్న నరుకుడంతా పక్కన పెట్టి, గోడ ఎక్కడుంది, స్తంభం ఎక్కడుంది, అంచు ఎక్కడుందని మాత్రమే చూడాలి. మామూలు సమయంలో తీరిగ్గా నిలబడి ఆలోచించి దూకే అవే గోడలు, అవే స్తంభాలు. ఇప్పుడు ఆలోచించే వ్యవధి లేదు. అంటే కొత్త కీ ఒక్కటి కూడా నేర్పకుండా, ఉన్న ఆటనే పూర్తిగా వేరే ఆటగా మార్చేశారు. తలలు నరికే ఆట అని దీన్ని కొట్టిపారేసినవాళ్లు, ఇందులో అన్నింటికంటే గొప్ప ఘట్టంలో కత్తి ఒరలోనే ఉంటుందన్న సంగతి మరిచారు.

[తెరపై: దీవిలో ఒకే గది రెండు రూపాల్లో. ఎడమవైపు శిథిలం, కుడివైపు కొత్తది.]

రెండో గొడవ దీవి గురించి. ఆట దాదాపు అంతా ఒకే దీవిలో, ఒకే కోటలో జరుగుతుంది. మళ్లీ మళ్లీ అవే గదులకు రావాలి. కొన్ని ద్వారాల గుండా వెళ్తే అదే కోట పాత కాలంలో, కొత్తగా కట్టినప్పటి రూపంలో కనిపిస్తుంది. ‘తిరిగిన చోటే తిప్పుతున్నారు, దారి తెలియడం లేదు’ అని చాలామంది విసుక్కున్నారు. దారి తప్పిన మాట నిజమే. మేమూ గంటల కొద్దీ తప్పాం, పదిహేను రూపాయల లెక్కన.

కానీ దేవరకొండ కోటకు వెళ్లినవాళ్లు ఎవరైనా దీన్ని ఇంకో రకంగా చూస్తారు. పద్మనాయకుల కాలపు కోట. నేను పదో తరగతిలో మా నాన్నతో వెళ్లాను. గోడ కూలిన చోట నుంచి మేకలు లోపలికి ఎక్కుతున్నాయి. ‘ఇది అప్పట్లో దారి కాదు రా, ఇక్కడ గోడ ఉండేది. మనిషి రాకుండా కట్టిన చోటే ఇప్పుడు దారి అయింది’ అన్నాడు నాన్న. ఈ ఆటలో దీవి రహస్యం అదే. వర్తమానంలో కూలిన గోడే మీకు దారి. గతంలోకి వెళ్తే గోడ నిలబడి ఉంటుంది, కానీ తలుపు పనిచేస్తుంది, పళ్ల చక్రాలు తిరుగుతాయి, ఉచ్చులు బిగుస్తాయి. ఒకే గదిని రెండు సార్లు చూపించి పని తప్పించుకున్నారని కొందరు అన్నారు. నాకైతే ఒక చోటుకు వయసు ఉంటుందని చూపించిన ఆట అంతకు ముందు తగల్లేదు.

పైగా కథ మలుపు ఆ రెండు కాలాల మీదే నిలబడింది. ఇసుకను సృష్టించే మహారాణిని ఆపడానికి అంత దూరం వచ్చిన రాకుమారుడు, ఆమెను చంపడంతోనే ఆ ఇసుక పుట్టిందని తెలుసుకుంటాడు. తన చావుకు మూలం తానే. మొదట్లో మనకు ఒక నల్లటి నీడమనిషి కనిపిస్తాడు, ఎవడో శత్రువు అనుకుంటాం. ఆట చివర్లో ముసుగు వేసుకున్నాక ఆ నీడ మనమే అవుతాం. అప్పుడు చూసిన దృశ్యాన్నే ఇప్పుడు అవతలి వైపు నుంచి ఆడతాం. ఇది అర్థమైన రోజు మాలో ఒకడు సెంటర్ బయటికొచ్చి, క్లాక్ టవర్ కింద సైకిల్ ఆనించి, ‘అంటే వాడే వీడా?’ అని మూడు సార్లు అడిగాడు.

[తెరపై: రాకుమారుడు ఊట దగ్గర వంగి నీళ్లు తాగుతున్నాడు.]

ఇప్పుడు ఒక నిజమైన ఫిర్యాదు. ఆటను తీర్చిదిద్దిన తీరు గురించి మాట్లాడేటప్పుడు అభిమానులు దీన్ని పెద్దగా తలవరు, మాకు మాత్రం ఇదే పెద్దది. ఆటను ఎక్కడ పడితే అక్కడ సేవ్ చేసుకోలేం. దీవిలో అక్కడక్కడా నీటి ఊటలు ఉంటాయి. ఆ నీళ్లు తాగితేనే సేవ్ అవుతుంది, ప్రాణం నిండుతుంది. ఊటకూ ఊటకూ మధ్య అరగంట పట్టే చోట్లు ఉన్నాయి. ఆ వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. సెంటర్‌లో యూపీఎస్ మూడు నిమిషాలు కూయడం, ఆ మూడు నిమిషాల్లో ఊట దగ్గరికి చేరాలని ఆరుగురం ఒకేసారి అరవడం. ఒకసారి ఊట కనిపిస్తోంది, పది అడుగులు కూడా లేవు, తెర ఆరిపోయింది. కుర్చీలో ఉన్న అబ్బాయి కీబోర్డు మీద నుంచి చేతులు తీయకుండా అలాగే కూర్చున్నాడు. సెంటర్ అన్న ఆ రోజు అతని దగ్గర డబ్బులు తీసుకోలేదు.

దూరంగా ఉన్న ఊట ఆటలో ఉత్కంఠ పెంచుతుందని తయారుచేసినవాళ్లు అనుకుని ఉంటారు. కరెంటు మీద నమ్మకం ఉన్న ఊరిలో కూర్చుని చేసే ఆలోచన అది.

[తెరపై: నీటి కత్తి. తర్వాత మూడో భాగం ఆరంభం, బాబిలోన్ నగరం.]

2005 చివర్లో మూడో భాగం ‘ది టూ థ్రోన్స్’ వచ్చింది. అభిమానుల మాట విన్నారని వెంటనే తెలుస్తుంది. యూరీ లోవెంతాల్ గొంతు తిరిగొచ్చింది. ఫరా వచ్చింది. కథ చెప్పే తీరు వచ్చింది. కోపమంతా రాకుమారుడి లోపల ఉండే ఇంకో మనిషిగా విడిపోయింది. ఇది తెలివైన పని, రెండు భాగాలనూ ఒకే ఒంట్లో కలిపారు. కానీ దహాకా లేడు. ఆ ఊపిరాడని వేటలు లేవు. రెండు కాలాల దీవి లేదు, దారి చాలావరకు తిన్నగా సాగుతుంది. జనం గట్టిగా అరిచింది గొంతు గురించి, రక్తం గురించి. వాటితో పాటు ఎవరూ వద్దనని పరుగు కూడా పోయింది. నాకు ఈ ముచ్చటలో తీరని బాధ ఇదే.

ఇంకొక చిత్రం. రెండో భాగానికి రెండు ముగింపులు ఉన్నాయి. దీవిలో దాచిన తొమ్మిది ప్రాణబలాలనూ వెతికి పట్టుకున్నవాళ్లకే నీటి కత్తి దొరుకుతుంది. ఆ కత్తి చేతిలో ఉంటేనే, ఇన్నాళ్లూ ఎవరి నుంచి పారిపోయాడో ఆ దహాకాతోనే ఎదురు తిరిగి పోరాడే అవకాశం వస్తుంది. మూడో భాగం మొదలయ్యేది ఆ ముగింపు నుంచే. మా సెంటర్‌లో ఎవరూ తొమ్మిదీ పట్టలేదు. మహారాణి మూడో భాగంలో బతికి ఎలా ఉందో మాకు చాలా కాలం అంతుపట్టలేదు.

[తెరపై: ఇల్లు. పదేళ్ల అబ్బాయి వీపు వైపు నుంచి. ఎదురుగా తెర మీద దహాకా వేట.]

పోయిన నెల మా మేనల్లుడు మర్రిగూడ నుంచి వచ్చాడు. ఆరంభం దాటించి, మొదటి వేట దగ్గర వాడి చేతికి ఇచ్చాను. ఏమీ చెప్పలేదు. రంగులు వెలిసిపోగానే వాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రెండు సార్లు దొరికిపోయాడు. మూడోసారి చివరి గోడ మీద పరుగు తీసి, జలజలా పడుతున్న నీటి తెరలోంచి అవతలికి దూకాడు. దహాకా ఆ నీటి ముందు ఆగిపోయాడు. దహాకాకు నీళ్లు తగలకూడదు.

మా అక్క ఊళ్లో ఒకప్పుడు బోరు నీళ్లు తాగి ఎముకలు వంగినవాళ్లను ఈ అబ్బాయి చూశాడు. కృష్ణ నీళ్లు వచ్చాక పుట్టినవాడు కాబట్టి తను తాగలేదు. కాసేపు తెర వంక చూసి, నా వైపు తిరిగాడు.

‘మామయ్యా, మంచినీళ్లుంటే యముడు రాలేడా?’

‘ఈ ఆటలో రాలేడు’ అన్నాను.

వాడు మళ్లీ కూర్చుని, తర్వాతి ఊట ఎక్కడుందని అడిగాడు.