రెండు గంపల లెక్క: మైపాడు ఒడ్డున రావుగారి సూత్రం

(తెల్లవారుజాము. మైపాడు తీరం. ఫైబర్ బోటును ఇసకలోకి లాగుతున్నారు. ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు.)

టైం ఐదూ ముప్పావు. నా ముందు రెండు గంపలున్నాయి. ఎడమవైపుది నిన్న సాయంత్రం నెల్లూరు మార్కెట్లో నింపుకొచ్చి ఐసు వేసి పెట్టింది. శీలావతి పది, బొచ్చె పది, ఎర్రమోసు పది. కుడివైపుది ఇప్పుడే ఒడ్డుకొచ్చిన సరుకు. కానాగంతలు పది, పాలసొర పిల్లలు పది, రొయ్యలు పది. ఒక్క వీడియో కోసం ముప్పై చెరువు చేపలు కొన్నందుకు మా ఇంట్లో ఏమన్నారో అది వేరే వీడియో.

(కెమెరా గంపల మీద నుంచి చేపలమ్మే ఆవిడ వైపు తిరుగుతుంది.)

"అక్కా, ఈ రెండు గంపల్లో దేంట్లో రకాలు ఎక్కువున్నాయి?"

"ఏందబ్బయ్యా ఆ అడగడం? అందులో ఉండేవన్నీ చెరువు చేపలే గదా. ఇందులో చూడు, సొరుంది, రొయ్యుంది. ఇందులోనే ఎక్కువ."

లెక్కపెడితే అందులో మూడు రకాలు, ఇందులోనూ మూడే. రకానికి పదేసి. మరి అక్క తప్పు చెప్పిందా? తప్పు చెప్పలేదు. ఆమె కంటికి తట్టింది అంకెలోకి ఎలా తేవాలన్నదే ఇవాళ్టి మన గొడవ. దాన్ని తెచ్చినాయన తెలుగాయనే.

(తెర మీద: కాగితం, స్కెచ్ పెన్. చేత్తో రాస్తూ చెప్పాలి.)

ముందు పాత పద్ధతి చూద్దాం. 1949లో ఎడ్వర్డ్ సింప్సన్ అనే బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త నేచర్ పత్రికలో ఒక్క పేజీ వ్యాసం రాశాడు. యుద్ధకాలంలో శత్రువుల రహస్య సంకేతాలు విప్పే పని చేసినాయన. ఆయన ఆలోచన ఇది: కళ్లు మూసుకుని గంపలో చెయ్యి పెట్టు. ఒక చేప తీసి చూసి మళ్లీ లోపలే వెయ్యి. ఇంకోసారి తియ్యి. రెండూ ఒకటే రకం అయ్యే అవకాశం ఎంతో ఆయన లెక్కేశాడు. దాన్నే తిరగేస్తే, రెండూ వేర్వేరు రకాలు అయ్యే అవకాశం ఎంత? అదే ఆ గంప వైవిధ్యం.

మన గంపల్లో మూడు రకాలు సమానంగా ఉన్నాయి కాబట్టి మొదటిది, రెండోది కలిపి తొమ్మిది జతలు పడొచ్చు. మూడు జతల్లో రెండూ ఒకటే రకం. ఆరు జతల్లో వేర్వేరు. తొమ్మిదికి ఆరు, అంటే వందకి 67. ఎడమ గంపకీ 67, కుడి గంపకీ 67.

అక్క దీనికి ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను. సింప్సన్ లెక్కలో శీలావతికీ బొచ్చెకీ ఉన్న తేడా, సొరకీ రొయ్యకీ ఉన్న తేడా ఒకటే. వేరంటే వేరు, అంతే. ఎంత వేరు అన్న ప్రశ్నే ఆ లెక్కలో లేదు.

(తెర మీద: సి.ఆర్. రావు ఫొటో.)

ఇక్కడికొస్తారు గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణ రావు, అందరూ సి.ఆర్. రావు అంటారు. 1920లో పుట్టారు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎం.ఏ. చేసి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1946లో అక్కడి నుంచి కేంబ్రిడ్జికి పంపారు. ఎందుకో తెలుసా? ఎముకలు కొలవడానికి! సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట 1911 నుంచి 1914 వరకు తవ్వి తీసిన పాతకాలపు మనుషుల అస్థిపంజరాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. ఈ మనుషులు ఏ జనాలకి దగ్గర, ఏ జనాలకి దూరం అన్నది అంకెల్లో తేల్చాలి. అదే ఊళ్లో పేరున్న గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ చేశారు. ఫిషరేమో ఈయన చేత ఎలుకల జన్యువుల పని కూడా చేయించాడు.

ఈ దూరం అన్న మాట ఆయనకి కొత్త కాదు. ఆయన గురువు మహలనోబిస్ 1936లోనే జనాల మధ్య దూరం కొలిచే సూత్రం ఇచ్చాడు. అందులో కిటుకు చూడండి.

(ఎడమ గంపలోంచి ఒక శీలావతి తీసి స్కేలు పక్కన పెట్టాలి. తర్వాత కాటా మీద.)

ఈ చేప పొడవు కొలిచాను, బరువు తూచాను. పక్క చేప దీనికన్నా పొడుగు, దీనికన్నా బరువు. రెండు తేడాలు ఉన్నాయనుకుంటాం. కానీ పొడుగు చేప బరువుగానే ఉంటుంది కదా! ఒకే తేడాని రెండుసార్లు లెక్కేసినట్టయింది. మహలనోబిస్ దూరం ఆ డబుల్ లెక్కని తీసేస్తుంది. పుర్రెలైనా, చేపలైనా, ఒంగోలు గిత్తలైనా సూత్రం అదే.

మళ్లీ గంపల దగ్గరికి. 1982లో, అరవై దాటాక, రావుగారు థియరెటికల్ పాపులేషన్ బయాలజీ అనే పత్రికలో ఒక వ్యాసం రాశారు. సింప్సన్ ఆటే ఆడండి, చెయ్యి పెట్టి రెండుసార్లు తియ్యండి. కానీ వేరా కాదా అని అడక్కండి, రెంటికీ మధ్య దూరం ఎంతో రాయండి. అన్ని జతల మీద సగటు తీయండి. సగటు దూరమే వైవిధ్యం. దీనికి రావు క్వాడ్రాటిక్ ఎంట్రపీ అని భయపెట్టే పేరు. మనం క్యూ అందాం. 2000 తర్వాత జీవావరణ శాస్త్రం వాళ్లు దీన్ని విరివిగా వాడుతున్నారు, అడవి చెట్ల మీద, పక్షుల మీద, నేలలో పురుగుల మీద. అన్ని దూరాలూ సమానం అనుకుంటే ఇది మళ్లీ సింప్సన్ లెక్కే అవుతుంది. అంటే పాతదాన్ని పారెయ్యలేదు, కడుపులో పెట్టుకుంది.

దూరాలు వేద్దాం. సున్నా నుంచి వంద దాకా. ఈ అంకెలు నేను వేసినవే, మీకు నచ్చకపోతే మార్చుకోండి.

శీలావతి, బొచ్చె, మోసు మూడూ ఒకే కుటుంబం. హేచరీల్లో ఒకదానితో ఒకటి కలిసి సంకరం పిల్లలు కూడా పుడుతుంటాయి, అంత దగ్గర. వీటి మధ్య దూరం 20 వేస్తున్నా.

(పాలసొర పిల్లని కోసి వెన్ను చూపించాలి. కెమెరా బాగా దగ్గరగా.)

ఇప్పుడు ఈ సొర. కత్తి ఎంత తేలిగ్గా దిగిందో చూశారా? ఎముక తగల్లేదు. సొరకి ఎముకే లేదు, మన చెవి డొప్పలో ఉండే మెత్తటి పదార్థమే ఒళ్లంతా. సొరల వంశం, ఎముక చేపల వంశం విడిపోయి 40 కోట్ల ఏళ్లు దాటింది. ఆ తర్వాత ఎముక చేపల వైపు నుంచే కప్పలు, బల్లులు, పక్షులు, మనం వచ్చాం. అందుకని కానాగంతకి సొర కన్నా మనమే దగ్గర చుట్టాలం. ఈ సంగతి చెబితే అక్క నా వైపు చూసిన చూపు ఎడిటింగ్‌లో తీసేశాను. కానాగంతకీ సొరకీ మధ్య 80.

రొయ్యకి వెన్నెముకే లేదు. మనం చేప అంటాం గానీ అది పురుగుల వైపు చుట్టం. చేపలతో విడిపోయి 50 కోట్ల ఏళ్ల పైమాట. రొయ్యకి మిగతా రెంటితోనూ 100.

(తెర మీద: తొమ్మిది గడుల పట్టిక, ఒక్కో గడీ నిండుతూ.)

ఎడమ గంప: మూడు జతలు సున్నా, ఆరు జతలు 20. మొత్తం 120. తొమ్మిదితో భాగిస్తే 13. కుడి గంప: మూడు సున్నాలు, రెండు 80లు, నాలుగు 100లు. మొత్తం 560. తొమ్మిదితో భాగిస్తే 62. సింప్సన్ దగ్గర సమానంగా ఉన్నవి ఇక్కడ నాలుగున్నర రెట్ల తేడాకి వచ్చాయి. అక్క గెలిచింది.

ఇక్కడ ఆపేస్తే బాగుండేది. కానీ ఇదే మాట చెరువులో చేపలు పెంచే మా బాబాయితో అంటే, ఆయన ఒప్పుకోలేదు.

"మూడూ ఒకటే అని ఎవరు చెప్పార్రా నీకు? బొచ్చె పైన మేస్తుంది, శీలావతి నడిమి నీళ్లలో, మోసు అడుగున. ఒకటే అయితే మూడూ కలిపి ఎందుకేస్తాం? ఒకదాని మేతకి ఇంకోటి అడ్డం రాదనే గదా!"

ఆయన మాటలో న్యాయముంది. నేను వేసిన దూరాలు వంశం దూరాలు. చెరువుని అడిగితే అది వంశం గురించి చెప్పదు, ఎవరు ఎక్కడ మేస్తున్నారో చెబుతుంది. సరే, దూరాలు మార్చాను. పైకీ నడిమికీ 50, నడిమికీ అడుగుకీ 50, పైకీ అడుగుకీ 100. అదే గంప, అవే ముప్పై చేపలు. తొమ్మిది జతల మొత్తం 400. క్యూ 44!

పదమూడు ఎక్కడ, నలభై నాలుగు ఎక్కడ? చేపలు మారలేదు, ప్రశ్న మారింది. పరిణామం ఎంత చరిత్రని ఈ గంపలో పోసిందని అడిగితే 13. ఈ మూడూ చెరువులో ఎన్ని పనులు పంచుకుంటున్నాయని అడిగితే 44. రావుగారి సూత్రంలో నాకు బాగా నచ్చేది ఇదే. దూరం ఏమిటో నువ్వు చెప్పేదాకా అది జవాబివ్వదు. సింప్సన్ లెక్క అడక్కుండానే అన్నీ సమదూరం అనుకుని మెల్లగా జారుకుంటుంది.

అన్నట్టు, మన జిల్లాలో వనామి రొయ్యల గుంట తీసుకోండి. 2009లో మన దేశంలో పెంపకానికి అనుమతి వచ్చిన, అసలు పసిఫిక్ మహాసముద్రానికి ఆవలి ఒడ్డు రొయ్య. గుంటలో లక్షల రొయ్యలున్నా ఏ రెండు తీసినా ఒకటే రకం. ఏ దూరం వేసినా క్యూ సున్నా.

(తెర మీద: వల. ఆరేసిన వల కన్నులోంచి కెమెరా.)

ఇంతకీ గంపలో ఉన్నది సముద్రమేనా? ఈ వల కన్ను చూడండి. చిన్న చేప దూరి పోతుంది, మరీ పెద్దది తల కూడా దూర్చలేదు. మొప్పల దగ్గర ఇరుక్కునేదే చిక్కుతుంది. గంప అంటే సముద్రం కాదు, ఈ కన్ను ఒప్పుకున్నంత సముద్రం.

నా పరువు తీసే కథ ఒకటి. ఎమ్మెస్సీలో మార్కెట్ గంపలు లెక్కపెట్టి నెలనెలా వైవిధ్యం గ్రాఫ్ గీశాను. మేలో గీత ధడాలున కింద పడింది. ఎండలకి నీళ్లు వేడెక్కి చేపలు లోతుకి పోయాయని రెండు పేజీలు రాసేశాను. మా సారు గ్రాఫ్ చూసి, "ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఏముంటుందో మీ ఊళ్లో ఎవర్నైనా అడుగు" అన్నారు. వేట నిషేధం! 61 రోజులు మర పడవలు సముద్రంలోకి పోవు. నేను కొలిచింది చేపల్ని కాదు, జీవోని. సముద్రం పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, ఆ మాట రాసేటప్పుడు తట్టకపోవడమే విచిత్రం. అందుకే పద్ధతిగా చేసేవాళ్లు రకరకాల కన్నుల వలలు వేస్తారు, ఎన్ని గంటలు వేశారో రాసుకుంటారు, ఒకే శ్రమకి వచ్చిన పట్టునే పోలుస్తారు.

(మూడో గంప. ఎండ వచ్చేసింది.)

చివరగా మూడో గంప. ఇది ఇంకొన్ని శీలావతులు తెప్పించి నేను కావాలని కలిపింది. శీలావతి 28, పాలసొర ఒకటి, రొయ్య ఒకటి. ఇందులో సొరా ఉంది, రొయ్యా ఉంది, కాబట్టి క్యూ ఎక్కువ రావాలి కదా? వంశం దూరాలతో లెక్కేశాను, శీలావతీ ఎముక చేపే కాబట్టి కానాగంతకి వేసినట్టే సొరతో 80, రొయ్యతో 100. 11.4 వచ్చింది. మొదటి చెరువు గంప 13 కన్నా తక్కువ! ఎందుకంటే చెయ్యి పెడితే దాదాపు ప్రతిసారీ శీలావతే తగులుతుంది. వింత చేప గంపలో ఉంటే చాలదు, చేతికి తగలాలి.

ఇక్కడి నుంచి ఒక శీలావతిని తీసేస్తే? 11.8. కాస్త పెరిగింది కూడా. దాన్ని మళ్లీ వేసేసి, సొరని తీసేస్తే 6.7. ముప్పైలో ఒక్కటి పోతే సగానికి దగ్గరగా పడిపోయింది. పైగా ఈ పోయినది ఎవరు? శీలావతి ఒక్క ఈతలో లక్షల గుడ్లు పెడుతుంది. పాలసొర తల్లి గుడ్లు చల్లదు, పిల్లల్నే కంటుంది, ఒక కాన్పుకి గుప్పెడు పిల్లలు. పోయినదాని చోటు నిండటానికి రెంటికీ పట్టే కాలం ఒకటి కాదు. ఆ కాలం ఈ క్యూలో లేదు. దానికి వేరే లెక్కలున్నాయి, ఇంకో వీడియోలో.

(వెనక నుంచి అక్క గొంతు.)

"అబ్బయ్యా, మీ ఆట అయిపోయిందా? ఎవరికో కోడలు కాన్పయిందంట, సొరపిట్టుకి పాలసొర కావాలంట. నా దగ్గరివి అయిపోయినయ్. ఆ గంపలోది ఇచ్చేదా?"

"ఇచ్చెయ్యక్కా."

(ఆమె చెయ్యి మూడో గంపలోకి వస్తుంది. తెర మూలన 11.4 చెరిగి, 6.7 పడుతుంది.)