ఇంటర్ వచ్చిందని చెస్ బోర్డు అటకెక్కించకండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే గాజువాక నుంచి, మధురవాడ నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అమ్మానాన్నలతోనే నాకు ముఖ్యంగా పని.

విశాఖలో చాలా ఏళ్లుగా చెస్ నేర్పుతున్నాను. ఎనిమిదేళ్ల వయసులో మా క్లాసులో ఆడపిల్లలు, మగపిల్లలు ఇంచుమించు సమానంగా ఉంటారు. టెన్త్‌కి వచ్చేసరికి ఆడపిల్లలు ఒకరో ఇద్దరో మిగులుతారు. "ఈ ఒక్క ఏడాదే ఆపుదాం మేడమ్" అంటారు. తర్వాత ఇంటర్, ఆ తర్వాత ఈఏపీసెట్. ఇక బోర్డు అటక దిగదు.

నిరుడు మా పిల్ల ఒకతి ఏనుగుల ఎండ్‌గేమ్, అంటే ఆట చివరి దశ, ఆడుతోంది. ఒక బంటు తక్కువ, గడియారంలో టైమ్ అయిపోవస్తోంది. ఏనుగు మీదికి చెయ్యి వెళ్లింది. ముట్టుకుంటే కదపాల్సిందే. ఆ చెయ్యి వెనక్కి తీసుకుని తొడ కింద పెట్టుకుంది. కాసేపు చూసి, రాజును ఒక గడి పక్కకు జరిపింది. గేమ్ డ్రా అయ్యింది. స్కోర్‌షీట్ తెచ్చి చూపించింది. చివరి ఎత్తులు రాసిన అక్షరాలన్నీ వంకరపోయి ఉన్నాయి. అంత టెన్షన్‌లోనూ సరైన ఎత్తు వెతికింది! ఆ అమ్మాయి ఆ తర్వాత క్లాసుకు రాలేదు. నాకు ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది.

మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యింది. చెస్‌లో అన్నిటికన్నా పెద్ద టైటిల్ అది. మహిళలకు విడిగా ఇచ్చేది కాదు. మగవాళ్లకైనా అవే నార్ములు, అంటే పెద్ద టోర్నీల్లో తెచ్చుకోవాల్సిన ఫలితాలు, అదే 2500 రేటింగ్. ఆమె కోసం నాన్న ఉద్యోగం మానేసి కోచ్ అయిన సంగతి అందరికీ తెలుసు. ఆ తర్వాతి కథ మనం తక్కువగా చెప్పుకుంటాం. 2017లో పాప పుట్టింది. ఆట నుంచి దాదాపు రెండేళ్లు దూరంగా ఉంది. 2019 డిసెంబరులో మాస్కోలో ర్యాపిడ్, అంటే తక్కువ టైమ్‌లో ఆడే చెస్‌లో, మహిళల ప్రపంచ ఛాంపియన్! 2024లో న్యూయార్క్‌లో అదే పోటీలో మొదటి రౌండే ఓడిపోయింది. అయినా 11 రౌండ్లలో 8.5 పాయింట్లు తెచ్చుకుని రెండోసారి గెలిచింది. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు.

మన ఇంకో గ్రాండ్‌మాస్టర్ ద్రోణవల్లి హారిక 2022లో చెన్నైలో, దేశాల జట్లు తలపడే చెస్ ఒలింపియాడ్‌లో, నిండు గర్భిణిగా బోర్డు ముందు కూర్చుంది. మన మహిళల జట్టుకు కాంస్యం వచ్చింది. 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఆమె ఉంది.

కాబట్టి 15 ఏళ్లకే మీ అమ్మాయి ఆట ముగించకండి. పరీక్షలున్న నెలల్లో టోర్నీలు వద్దు, సరే. రోజూ ఒక అరగంట పజిల్స్ చేయనివ్వండి చాలు.

"ఆడపిల్లని ఒంటరిగా ఎలా పంపుతాం" అనే భయం నాకూ తెలుసు. వచ్చే నెల విజయవాడ టోర్నీకి నేను రత్నాచల్ రైల్లో వెళ్తున్నాను. ఇద్దరు తల్లులు కూడా వస్తున్నారు. అమ్మాయిల్ని మాతో పంపండి. పేర్లు ఈ హాలు దాటకముందే నాకు చెప్పండి, టికెట్లు తీయాలి.