1909కి ఐదు ఫిర్యాదులు

శ్రోతలకు నమస్కారం.

తెలియని నంబరు వస్తే ఎత్తవద్దని సలహా ఇవ్వడం తేలికే. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు పట్టిన రైతుకు ఆ సలహా పనికిరాదు. తెలియని నంబరంటే మేత లారీ డ్రైవరు కావచ్చు, పట్టుబడికి వచ్చే కొనుగోలుదారు కావచ్చు, ఎవరి ఫోనో అడిగి చేస్తున్న కాపలా మనిషి కావచ్చు. కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయన్న కబురు ఆలస్యమైతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి సరుకంతా పోతుంది. అందుకే ప్రతి ఫోనూ ఎత్తాలి. ఎత్తితే రెండు క్షణాలు నిశ్శబ్దం, ఆపైన రికార్డు గొంతు: "మీకు లోన్ మంజూరైంది, ఒకటి నొక్కండి."

ఆ నిశ్శబ్దం ఎందుకో చూడండి. అవతల ఉన్నది డయలర్, అంటే నంబర్ల జాబితా పెట్టుకుని ఒకేసారి చాలామందికి కాల్ చేసే కంప్యూటరు. ఆఫీసులకు టెలికాం కంపెనీలు ఇచ్చే పీఆర్‌ఐ అనే లైను ఒక్కదాని మీదే 30 కాల్స్ ఒకేసారి నడుస్తాయి. మీ "హలో" వినపడ్డాకే రికార్డు మొదలవుతుంది. ఎత్తిన నంబరు పని చేస్తోందని రాసుకోవడం ఆ యంత్రానికి క్షణం పని. "వద్దంటే రెండు నొక్కండి" అన్నా నొక్కకండి. ఏ బటన్ నొక్కినా అవతల మనిషి ఉన్నాడని తెలిసిపోతుంది.

మనలో చాలామంది ఆ నంబరును బ్లాక్ చేసి ఊరుకుంటారు. దానివల్ల మన ఫోను మాత్రమే ఊపిరి పీల్చుకుంటుంది. కాల్ చేసినవాడి లైను అలాగే ఉంటుంది, రేపు అమలాపురంలో ఇంకొకరికి మోగుతుంది. లైను తెగాలంటే ఫిర్యాదు పడాలి.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలను 2025 ఫిబ్రవరిలో గట్టిపరిచింది. నమోదు చేసుకోకుండా ప్రచార కాల్స్ చేసేవారి మీద ఇదివరకు 7 రోజుల్లో 10 ఫిర్యాదులు వస్తేగానీ చర్య ఉండేది కాదు. ఇప్పుడు 10 రోజుల్లో 5 చాలు. టెలికాం కంపెనీ 30 రోజులకు బదులు 5 రోజుల్లో చర్య తీసుకోవాలి. మొదటి తప్పుకు 15 రోజులు అవుట్‌గోయింగ్ బంద్. మళ్లీ చేస్తే ఆ కాల్స్ చేసినవారి పేరున ఉన్న కనెక్షన్లన్నీ ఏడాదిపాటు కట్. ఇలాంటి కాల్స్ లెక్కను తప్పుగా చూపిన టెలికాం కంపెనీకి తొలిసారి 2 లక్షలు, రెండోసారి 5 లక్షలు, ఆ తర్వాత ప్రతిసారీ 10 లక్షల రూపాయలు పడతాయి. అసాధారణంగా ఎక్కువ కాల్స్ వెళ్తున్న నంబర్లను, కాల్స్ అన్నీ క్షణాల్లో ముగిసిపోయే నంబర్లను కంపెనీలే కనిపెట్టాలని కూడా ఉంది. నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన నిబంధన ఇదే, ఎందుకంటే యంత్రం జాడ ముందుగా దొరికేది నెట్‌వర్క్‌లోనే.

ఫిర్యాదు ఇలా చేయాలి. కాల్ వచ్చిన ఫోను నుంచే 1909కి ఎస్సెమ్మెస్ పంపండి. దేని గురించి చెప్పారో రెండు మాటలు, కామా, వాళ్ల నంబరు, కామా, తేదీ. గడువు 7 రోజులు. రోజులు గడిచాక తేదీ గుర్తు రాదు కనుక కాల్ లిస్టు చెరపకముందే పంపేయండి. నంబరులో ఒక్క అంకె తప్పినా ఫిర్యాదు నిలవదు. డీఎన్‌డీ, అంటే ప్రచార కాల్స్ వద్దని చేసుకునే నమోదు, పెట్టుకోనివారు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి. బ్యాంకులు, ప్రభుత్వ సేవల కాల్స్ కోసం 1600 వరుస ఇచ్చారు. మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి లోన్లు, ప్లాట్లు అమ్మజూపితే అది నిబంధన మీరినట్టే. మీ వీధిలో అదే నంబరు నుంచి ఇంకెవరికైనా వచ్చిందేమో అడిగి, వాళ్ల చేతా పంపించండి. ఐదుగురు దొరకడం కష్టం కాదు.

డీఎన్‌డీ కోసం ఇంగ్లీషులో స్టార్ట్ అని రాసి, ఖాళీ వదిలి, సున్నా కొట్టి 1909కి పంపాలి. ఓటీపీలు ఆగిపోతాయని భయపడకండి, అవి వస్తూనే ఉంటాయి.

చాలామంది మరచిపోయేది చేలో మోటారుకు పెట్టిన మొబైల్ స్టార్టర్. దాంట్లోనూ సిమ్ ఉంది, దానికీ నంబరుంది, డయలర్‌కు అది మనిషిదో మోటారుదో తెలియదు. దానికి పనికిరాని కాల్ తగిలి లైను బిజీగా ఉన్న క్షణంలో మీరు మోటారు ఆపాలని చేస్తే కాల్ కలవదు. ఆ సిమ్ తీసి ఫోనులో వేసి, పైన చెప్పిన డీఎన్‌డీ మెసేజ్ పంపి, తిరిగి స్టార్టర్‌లో పెట్టండి. ఐదు నిమిషాల పని.

ఇక "మీ నంబరు రెండు గంటల్లో కట్ అవుతుంది, తొమ్మిది నొక్కండి" అని ట్రాయ్ పేరు చెప్పే కాల్ పచ్చి మోసం. నంబర్లు కట్ చేస్తామని ట్రాయ్ ఎవరికీ ఫోను చేయదు. అలాంటివాటిని కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలోని చక్షు విభాగంలో తెలపండి. డబ్బు పోతే మాత్రం అక్కడ ఆగకండి. వెంటనే, ఆ నిమిషంలోనే, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.